ఎడమ డిస్కుకి బొట్టు

పోయిన ఆదివారం పొద్దున మా ఉప్పల్ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, కొత్తగా అద్దెకు దిగిన అమ్మాయి కారు పక్కన మోకాళ్ల మీద కూర్చుని, చక్రం సందుల్లోంచి టార్చి వేసి చూస్తూ వాచ్‌మన్‌కి దొరికిపోయాను.

"ఏం పోయినయ్ మేడం? కమ్మలా?" అన్నాడు.

"కమ్మలు కాదు. బ్రేకు డిస్కులో రెక్కలు ఎటు వాలాయో చూస్తున్నా" అన్నాను.

అతను నన్నూ, టార్చినీ, చక్రాన్నీ మార్చి మార్చి చూసి వెళ్లిపోయాడు. కాసేపటికి కారు అమ్మాయి దిగొచ్చింది. పాపం, మర్యాదస్తురాలు. "ఏమైనా హెల్ప్ కావాలా ఆంటీ?" అని అడిగింది గానీ, కళ్లు మాత్రం టైర్లలో గాలి ఉందా లేదా అని వెతుకుతున్నాయి. నేను చేసిన ఉద్యోగమేమిటో చెప్పాక కాస్త కుదుటపడింది. షాపువాడు చిల్లులున్న డిస్కులు వేయించుకోమంటున్నాడు, వేయించుకోనా అని సలహా కూడా అడిగింది.

ఆ అమ్మాయికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు వినండి. రానివాళ్లు కూడా వినండి, బ్రేకులు అందరూ తొక్కుతారు కదా! డిస్కు మొహం చూసి మోసపోకండి. చిల్లులు, గాట్లు, మెరుపు, అన్నీ పైపైవి. దాని కడుపులో ఏముందో చూడండి.

చిన్న కార్ల వెనక చక్రాలకి డిస్కు ఉంటే అది మామూలుగా ఒకే బిళ్ల. ముందు చక్రాలకి అలా కుదరదు. బరువంతా ముందుకే తూలుతుంది కాబట్టి వేడీ అక్కడే ఎక్కువ. అందుకని అక్కడ రెండు పళ్లేలు, మధ్యలో సందు, ఆ సందులో రెక్కలు. గాలి ఆ సందులోంచి వెళుతూ వేడిని మోసుకుపోవాలి. ఆ రెక్కలు సైకిల్ పుల్లల్లా తిన్నగా ఉండొచ్చు. రెక్కలే లేకుండా పొట్టి పొట్టి స్తంభాలు ఉండొచ్చు. ఈ రెండు రకాలూ ఏ చక్రానికి బిగించినా ఊరుకుంటాయి. మూడో రకం ఉంది చూశారూ, వంపు రెక్కలది, దానితోనే తంటా. అది చెప్పుల జత లాంటిది. కుడిది కుడికే, ఎడమది ఎడమకే.

ఎందుకంటే గాలి డిస్కు మధ్యలోంచి లోపలికొచ్చి అంచుల్లోంచి బయటికి పోతుంది. తడి గొడుగుని గిర్రున తిప్పితే నీళ్లు బయటికి చిమ్ముతాయే, అలాగ. డిస్కు ముందుకు తిరుగుతుంటే గాలి కొంచెం వెనకబడుతుంది. రెక్కల కొసలు కూడా వెనక్కి వాలి ఉంటే దానికి దారి సుఖంగా ఉంటుంది. తిరగేసి బిగిస్తే గాలి రెక్కకి కొట్టుకుని నసుగుతుంది, తక్కువ పోతుంది, డిస్కు వేడెక్కుతుంది. అంతే సంగతి. ఇంత చిన్న సంగతి కోసం మా ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో జరిగిన యుద్ధాలు మీరు చూసి ఉండాల్సింది.

మా ఫ్యాక్టరీ అంటే నాచారం పారిశ్రామికవాడలో ఒక లోపలి సందులో రేకుల షెడ్డు. కార్లకి విడి డిస్కులు పోతపోసి, లేతు మిషన్ మీద చెక్కి, పెట్టెల్లో పెట్టి పంపేవాళ్లం. నేను తెనాలి నుంచి డిప్లొమా చేత్తో పట్టుకొచ్చి అక్కడ క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌గా చేరి, అక్కడే రిటైరయ్యాను. ఎప్పుడూ చేతిలో కొలిచే గేజీ ఉండేది కాబట్టి అందరికీ 'గేజీ మేడం'ని. మామ ఒక్కడే నా పరోక్షంలో ఇంకేదో అనేవాడని విన్నాను. అదేమిటో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

మామ అంటే నాకు మామ కాదు, ఫ్యాక్టరీ మొత్తానికి మామ. ఫిట్టరు, డ్రైవరు, టెస్టు డ్రైవరు అన్నీ ఆయనే. వంపు రెక్కలు ఎటు ఉండాలన్న విషయంలో ఆయనది ఒకటే పట్టు. "గాలిని దోసిట్ల పట్టినట్టు పట్టాలె మేడం. రెక్క ముందల్కి సూడాలె. ఎనుకకు జూస్తె గాలెట్ల దొర్కుతది?" అనేవాడు. గొడుగు ఉదాహరణ చెబితే, "గొడుగు నెత్తిమీద వట్టుకుంటరు, చక్రానికి కడ్తరా?" అని ఛాయ్ గ్లాసు ఠక్కున పెట్టి లేచిపోయేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది.

ఇక కోర్ షాప్ అక్క. ఆమె గురించి చెప్పాలంటే ముందు కోర్ అంటే చెప్పాలి. డిస్కు లోపల ఖాళీ కావాలి కదా. ఆ ఖాళీ ఆకారంలో ఇసుకతో ఒక అచ్చు చేసి, ఎండబెట్టి, మూసలో కూర్చోబెట్టి, దాని చుట్టూ కరిగిన ఇనుము పోస్తారు. చల్లారాక ఇసుక కొట్టేసి దులిపేస్తే లోపల సందు మిగులుతుంది. ఆ ఇసుక అచ్చే కోర్. మేమందరం ఇనుము పని చేసేవాళ్లం, అక్క మాత్రం ఖాళీని చేసేది. ఎంత అందంగా చేసినా చివరికి దాన్ని సుత్తితో కొట్టి పొడి చేయాల్సిందే. "నేను జేసింది ఒక్కటన్న మిగిలిందానే చెల్లె? పొద్దుగాల జేసుడు, మాపటికి పల్గగొట్టుడు" అని నవ్వేది.

అక్క లాలాపేట్ నుంచి వచ్చేది. ఒక్కతే కాదు, ఆమె వెనక ఆమె గల్లీ అంతా. కోర్ షాప్‌లో ఉన్న ఆడవాళ్లందర్నీ ఒక్కొక్కర్నీ నచ్చజెప్పి, ఒకామె మొగుడితో దెబ్బలాడి మరీ తీసుకొచ్చింది.

ఉప్పల్‌కి మెట్రో కొత్తగా వచ్చిన రోజులు. మా సారు, అంటే యజమాని, ఒకరోజు మమ్మల్ని పిలిచి చెప్పారు. ఒక కంపెనీవాళ్లు పెద్ద కార్లకి వంపు రెక్కల డిస్కులు అడుగుతున్నారు. టెస్టు కారులో వేసి చూస్తారు. రెండు వైపులా సమానంగా చల్లగా ఉంటే ఆర్డరు మనకే. లేదంటే ఈ చేతి కోర్ల గొడవ మానేసి, తిన్నటి రెక్కల పోతలు బయట కొనుక్కుని మనం చెక్కుకుంటే సరిపోతుంది, కోర్ షాప్ మూసేద్దాం.

సారు చెడ్డవారు కాదు, లెక్క చెప్పారు అంతే. కానీ అక్క మొహం పాలిపోయింది. బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకుంది. "అందర్నీ నేనే తోల్కొచ్చిన చెల్లె. రేపు ఇంటికి పొమ్మంటె గల్లీల మొఖమెట్ల సూపియ్యాలె?" అంది. ఏం కాదులే అక్కా అన్నాను. ఏమవుతుందో నాకేం తెలుసు!

వంపు కోర్లు చేయడం మాటలు కాదు. ఎడమ రెక్కల కోర్ బాక్స్, అంటే ఇసుక దట్టించే పెట్టె, ముందు తయారై వచ్చింది, కుడిది తర్వాత వచ్చింది. మొత్తానికి ఎడమవి రెండు, కుడివి రెండు పోతపోశాం. నేను ఒక్కోదాన్నీ తిప్పి తిప్పి కొలిచాను. వంక పెట్టడానికి ఏమీ దొరక్క కొంచెం బాధపడ్డాను కూడా. కలిసిపోకుండా డిస్కు నడిమి బొడిపె మీద ఎడమవాటికి ఎర్ర చుక్క, కుడివాటికి పసుపు చుక్క పెట్టించాను. చేతికి దొరికిన రంగు డబ్బాలు అవే.

ఎర్ర చుక్క, పసుపు చుక్క. వచ్చే పండగేమో దసరా. ఇప్పటికే మీలో తెలివైనవాళ్లు తల పట్టుకుని ఉంటారు.

ఆయుధపూజ రోజు మా షెడ్డు చూడాలి! లేతు మిషన్లన్నీ కడిగి, బంతిపూల దండలు వేసి, ఫర్నేసుకి గుమ్మడికాయ కొట్టి, హడావుడే హడావుడి. పూజ అక్క చేతి మీదుగానే జరగాలి, అది మా ఆనవాయితీ. నా గేజీలని కూడా వదల్లేదు. "పసుపు పెడితే కొలత తప్పుతుందక్కా" అని మొత్తుకుంటే, "పెట్టకుంటె తప్పదా?" అని రెండు వేళ్లతో దట్టంగా పూసేసింది. మాకు ఇంకో ఆనవాయితీ కూడా ఉంది. కొత్త రకం పోత ఏది పోసినా, తొలి పోతలు అమ్మవారి పటం ముందుకే వెళ్లాలి. అక్క ఆ డిస్కుల్లో తొలి రెండూ తెచ్చి పటం ముందు పెట్టింది. బొడిపె నిండా పసుపు, మధ్యలో కుంకుమ, పైన బంతిపూలు. కళ్లు మూసుకుని చాలాసేపు దండం పెట్టుకుంది. ఏం కోరుకుందో అందరికీ తెలుసు.

టెస్టు పండగ మర్నాడు. మేమంతా వచ్చేసరికే మామ, మా సారు కారుకి డిస్కులు బిగించేసి, చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. రంగు చుక్కలు చూశావా మామా అంటే, "అన్నీ సూసిన. ఫికర్ జెయ్యకున్రి" అన్నాడు. ఆయన దోసిలి సిద్ధాంతం గుర్తొచ్చి, "రెక్కలు వెనక్కే వాలాయా?" అని మళ్లీ అడిగాను. "మీ గొడుగు లెక్కనే బిగించిన" అని మూతి ముడుచుకున్నాడు.

కంపెనీ తరఫున వచ్చిన ఇంజనీరు చిన్నవాడే, నెమ్మదస్తుడు. కారులో నిండుగా బరువుండాలి, ఇసుక బస్తాలు వేయండి అన్నాడు. అక్క ఒప్పుకోలేదు. "ఇసుక కోర్లకు గావాలె బిడ్డా. బరువే గద, మేం గూసుంటం" అని, కోర్ షాప్‌లో అందరికంటే పుష్టిగా ఉండే ఇంకొకామెని రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. నేను వాళ్లిద్దరి మధ్యన ఇరుక్కున్నాను. ముందు సీట్లో ఇంజనీరు, స్టీరింగ్ దగ్గర మామ. ఇంకా బరువు చాలదేమోనని మామ మిగిలిన రెండు డిస్కుల్నీ డిక్కీలో పడేశాడు. వాటి పక్కనే అక్క తెచ్చిన పులిహోర గిన్నె.

ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, మనుషులు తిరగని సర్వీసు రోడ్డు ఒకటి చూసుకున్నాం. వేగంగా వెళ్లడం, బ్రేకు తొక్కడం, మళ్లీ వేగం, మళ్లీ బ్రేకు. తొక్కిన ప్రతిసారీ వెనక సీటంతా ముందు సీటు మీదకి వచ్చేది. బరువు కోసం వచ్చినామె "నర్సింహస్వామీ!" అని ప్రతి బ్రేకుకీ ఒక మొక్కు మొక్కింది. చివర్లో ఆపి, ఇంజనీరు ఉష్ణోగ్రత చూసే పరికరం పట్టుకుని దిగాడు. ఎడమ డిస్కు చూశాడు, బాగుంది అన్నాడు. కుడి వైపు వెళ్లాడు. మళ్లీ ఎడమకి వచ్చాడు, మళ్లీ కుడికి వెళ్లాడు.

"మేడమ్, రైట్ సైడ్ బాగా వేడిగా ఉందండి. లెఫ్ట్‌కీ దీనికీ పోలికే లేదు."

చల్లారనిచ్చి ఇంకోసారి చేశాం. మళ్లీ అంతే.

ఇంజనీరు తన కారణం చెప్పాడు, అందులో తప్పేం లేదు. బ్రేకు ప్యాడ్లు ఒకటే, బరువు ఒకటే, తేడా పోతలోనే ఉండాలి. చేతి కోర్లు కదా, ఒకటి ఉన్నట్టు ఇంకొకటి ఉండకపోవచ్చు. ఎక్కడో ఇసుక దులపకుండా దారి మూసుకుపోయి ఉండొచ్చు. "హ్యాండ్ వర్క్‌తో ఇదే ప్రాబ్లమ్ అండి. రిపోర్ట్‌లో రాయక తప్పదు" అన్నాడు. రాయడం అతనికీ ఇష్టం లేదని మొహం చూస్తే తెలుస్తూనే ఉంది.

అక్క రోడ్డు పక్కన రాయి మీద కూర్చుండిపోయింది. "రెండు ఒక్కతీరే జేసిన చెల్లె. నా చెయ్యి నాకు దెల్వదా?" అంది. కొంగుతో కళ్లు తుడుచుకుంటుంటే నాకు చూడబుద్ధి కాలేదు. అటు సారు ఫోన్ మీద ఫోన్. నేను ఎత్తలేదు.

"ఇసుకేనేమో చూద్దామండీ" అని కుడి చక్రం విప్పించాడు ఇంజనీరు. డిస్కు చల్లారాక, సన్నటి తీగ పట్టుకుని సందులోకి పోనిచ్చాడు. తీగ కొసకి ఏదో చిక్కింది. నల్లగా మాడి, ముడుచుకుపోయి ఉంది. అరచేతిలో పెట్టుకుని చూశాడు, వాసన చూశాడు.

"ఇసుక కాదు మేడమ్. బంతిపువ్వు రేకు!"

అందరం ఆ రేకు వంకే చూశాం. నేను మామ వైపు తిరిగాను.

"మామా, ఇది పూజలో పెట్టిన డిస్కా?"

"మరేంది!" అన్నాడు మామ, గర్వంగా. "దేవుని కాడ పెట్టిన రెండే బిగించిన. పూజయినయి పక్కన వెట్టి, పూజ గానియి ఎట్ల బిగిస్తం మేడం? పాపం గాదా?"

"రెండూ అవేనా?"

"రెండు అవే. పసుపు గూడ ఉండె, ఎరుపు గూడ ఉండె. మీ చుక్కలు రెండు ఉన్నయనుకున్న. సాఫ్‌గ తుడిచి పెట్టిన."

నేను అక్క వైపు చూశాను. "పటం ముందు నువ్వు పెట్టినవి..."

"తొలి పోతలు గద" అంది అక్క. "ఆనవాయితీ."

తొలి పోతలు. ముందొచ్చిన కోర్ బాక్స్‌లోంచి వచ్చినవి. ముందొచ్చిన బాక్స్ ఎడమది. అంటే అమ్మవారి ముందు కూర్చున్నవి రెండూ ఎడమవే. ఆ రెండు ఎడమ చెప్పుల్నే మా మామ భక్తిగా కారు రెండు కాళ్లకీ తొడిగాడు!

నాకు నవ్వు ఆగలేదు. రోడ్డు మీదే చతికిలబడి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాను. అక్క నాకు పిచ్చెక్కిందనుకుంది. ఇంజనీరు మాత్రం టక్కున అందుకున్నాడు. టార్చి పట్టుకుని కింద పడుకుని చూశాడు. "అవునండీ! రెక్కలు ముందుకి వాలి ఉన్నాయి. ఇది లెఫ్ట్ డిస్కే" అని అక్కణ్నుంచే అరిచాడు. "ఇంకోటి ఉందా?"

ఉంది. డిక్కీలో, పులిహోర పక్కన. పూజకి నోచుకోని కుడి డిస్కులు రెండూ బరువు కోసం మాతో షికారు వచ్చాయి.

ఇక బిగించడమే అనుకున్నాం. మామ స్పానర్ కింద పెట్టేశాడు. పూజ కాని డిస్కు తన చేత్తో బిగించనన్నాడు. పండగ మర్నాడు, అందులోనూ అందరం కూర్చునే బండి. నేను బతిమాలాను, కోప్పడ్డాను. చివరికి అక్క లేచొచ్చింది. ఇక్కడ కుంకుమెక్కడిది! తన నుదుటి బొట్టు మీద వేలు అద్ది, కుడి డిస్కు బొడిపె మీద గట్టిగా నొక్కింది. వేలి ముద్రంత ఎర్ర బొట్టు పడింది.

"నా నొసటిది దీసి వెట్టిన. ఇగ బిగియ్ మామా" అంది.

మామ స్పానర్ అందుకున్నాడు.

కొత్త డిస్కు కదా, కాసేపు మెల్లగా తొక్కి దారికి తెచ్చాం. తర్వాత అసలు టెస్టు. ఈసారి మొక్కులు మొక్కిన ఆవిడ కూడా నోరు మూసుకుంది. కారు ఆగింది. ఇంజనీరు ఎడమ వైపు చూశాడు, కుడి వైపు చూశాడు, పరికరం తెచ్చి అక్క చేతికే ఇచ్చాడు. "మీరే చూడండమ్మా. రెండూ ఒకటే."

అక్కకి ఆ అంకెలతో పని లేదు. నా మొహం చూసింది. "అంటె నేను జేసింది మంచిగనే ఉన్నదా?"

"బంగారంలా ఉందక్కా" అన్నాను. అంటూనే ఏడ్చేశాను.

సారుకి ఫోన్ చేసి చెప్పాను. మరి పొద్దున్నుంచి ఎత్తలేదేం, ఏమైంది అన్నారు. "పూజ కొంచెం ఎక్కువైంది సార్" అన్నాను. తర్వాత చెట్టు నీడన పులిహోర తిన్నాం. ఇంజనీరు రెండుసార్లు పెట్టించుకున్నాడు. మామ మాత్రం, "దోసిలి లెక్క బిగిస్తె గూడ సల్లగనే ఉండేదేమో" అని చివరి ముద్ద దాకా గొణుగుతూనే ఉన్నాడు.

ఆర్డరు వచ్చింది. కోర్ షాప్ మూయలేదు. కానీ రంగు చుక్కల సంగతి తేల్చాలి కదా, దాని మీద పెద్ద పంచాయితీ. ఎరుపు కుంకుమ, పసుపు పసుపే, ఆకుపచ్చ మామిడి తోరణం, తెలుపు ముగ్గు. ఏ రంగు చెప్పినా ఏదో ఒక పండగ అడ్డొచ్చేది. చివరికి అక్కే తేల్చింది. ఎడమ కోర్ ఇసుక పచ్చిగా ఉండగానే, అంచు దగ్గర రెక్కల మధ్య చిటికెన వేలితో ఒక్క నొక్కు నొక్కేది. ఇసుకలో గుంట పడితే ఇనుములో బొడిపె లేస్తుంది. ఎవరు తుడిచినా పోదు, ఏ పూజా దాన్ని దాచలేదు. డిస్కు తూకానికి ఇబ్బంది లేదని ఇంజనీరు ఒప్పుకున్నాడు. అప్పట్నుంచి మా ఎడమ డిస్కులన్నీ లోపల బొట్టు పెట్టుకునే పుట్టాయి. మరుసటి ఏడాది దసరాకి పటం ముందు కుడీ ఎడమా జంటగా కూర్చున్నాయి.

తర్వాత కొన్నేళ్లకి అక్క పని మానేసింది. ఆమెతో వచ్చినవాళ్లు కూడా ఒక్కొక్కరూ, ఎవరూ పొమ్మనకుండా, తమంతట తామే వయసయ్యాక మానుకున్నారు. ఇప్పుడక్కడ కోర్లు మిషన్ చేస్తుందట, గుర్తులు కూడా అదే వేస్తుందట. అక్క కిందటి ఏడాది పోయింది. లాలాపేట్‌లో ఆ గల్లీ పట్టనంత జనం వచ్చారు.

ఇప్పుడు అర్థమైందా, నేను సెల్లార్‌లో మోకాళ్ల మీద ఎందుకు కూర్చున్నానో? మా డిస్కులు వెళ్లిన రకం పాత కారు ఎక్కడ కనిపించినా టార్చి తీస్తాను. డిస్కులు అరుగుతాయి, జనం మార్చేస్తుంటారు, మావి దొరకడం కష్టం. వాచ్‌మన్ వచ్చినప్పుడు నేను పెదాలు బిగబట్టి ఉన్నాను, ఎందుకంటే అప్పుడే ఎడమ చక్రంలో, రెక్కల మధ్య, చిటికెన వేలి కొసంత బొడిపె కనిపించింది.

కారు అమ్మాయికి ఒకటే చెప్పాను. కుడిది కావాలంటే మార్చుకో తల్లీ. ఎడమది మార్చేటప్పుడు మాత్రం, పాతది పారేయకుండా నాకు ఇచ్చెయ్యి.